లైసాట్ (ఇంటిపేరు)

లైసాట్ అనునది ఐర్లండు దేశమునకు చెందిన ఒక అరుదైన ఇంటిపేరు. దీని మూలరూపం ఐరిష్ (గేలిక్) భాషలోని మాక్ గిల్లా ఈసఖ్తా. ఆ దేశపు నైరుతి భాగంలో పూర్వం థోమండ్ అని పిలువబడిన ప్రాంతం, అనగా నేటి క్లేర్ కౌంటీ, దాని పొరుగున ఉన్న లిమరిక్ కౌంటీ, ఈ కుటుంబాల జన్మస్థానం. ఐరిష్ ఇంటిపేర్లలో మర్ఫీ, కెల్లీ, సల్లివన్ వంటివి లక్షలాది మందికి ఉండగా, లైసాట్ అన్న పేరు గలవారు స్వదేశంలోనే చాలా కొద్దిమంది. అయినప్పటికీ ఈ పేరుకు రెండు కారణాల వలన ప్రత్యేకత కలిగినది. ఐరిష్ ఇంటిపేర్ల చరిత్రను శాస్త్రీయంగా రచించి ఆ రంగానికి పితామహుడనదగిన ఎడ్వర్డ్ మెక్‌లైసాట్ ఈ ఇంటివాడే. రెండవది, ఈ ఇంటివారు స్థాపించిన ఇనుప రేకుల వ్యాపారం వలన ఆస్ట్రేలియా, భారతదేశాలలో ఇది ఒక వాణిజ్య నామంగా వ్యాపించింది. మనుషుల పేరుగా అరుదైనది, ఇంటి కప్పుల మీద మాత్రం విరివిగా కనిపించేది కావడం ఈ పేరుకు గల విచిత్రం.

పేరు యొక్క అర్థం

మాక్ అనగా కుమారుడు. గిల్లా అనగా యువకుడు, సేవకుడు, అనుచరుడు. ఈసఖ్త్ అన్న మాటకు నేటి ఐరిష్ భాషలో కూడా వాడుకలో ఉన్న అర్థం ఎరువు, అనగా తిరిగి ఇచ్చే కరారుపై ఇతరుల వద్ద తెచ్చుకున్నది. దీని నుండియే పరాయి, అన్యదేశపు అనే అర్థం ఏర్పడినది. పరభాషా పదాలను ఐరిష్ భాషావేత్తలు "ఈసఖ్తా" పదాలనే అంటారు. తెలుగులో కూడా ఇతర భాషల నుండి వచ్చిన పదాలను ఎరువు మాటలు అనుట ఉన్నది గనుక ఈ అర్థఛాయ తెలుగు పాఠకులకు సులభంగానే బోధపడుతుంది. కావున ఇంటిపేరు మొత్తానికి "పరాయి యువకుని కుమారుడు" అని అర్థం చెప్పవలసి ఉన్నది.

మూలపురుషుడైన ఆ యువకుడు ఎవరు, ఎవరికి పరాయివాడు అన్న ప్రశ్నకు తేలికగా కథలు అల్లవచ్చును. ప్రాచీన ఐర్లండులో ఒక కుటుంబపు బిడ్డను మరొక కుటుంబంలో పెంపకానికి ఇచ్చే ఆచారం బలంగా ఉండేది. యుద్ధాలలో ఒక రాజు వద్ద నుండి మరొక రాజు వద్దకు సైనికులు మారడమూ కలదు. అయితే పేరు యొక్క అర్థాన్ని బట్టి మాత్రమే చరిత్రను ఊహించడం ఇంటిపేర్ల అధ్యయనంలో తరచుగా జరిగే పొరపాటు. అర్థం ఒక సూచన మాత్రమే. అది సాక్ష్యం కాజాలదు.

గిల్లా అన్న మాటతో ఏర్పడిన ఐరిష్ ఇంటిపేర్లు చాలా ఉన్నవి. వీటిలో అధికభాగం భక్తిని సూచించేవి. మాక్ గిల్లా ఫాడ్రిగ్ (పాట్రిక్ మునియొక్క సేవకుని కుమారుడు) నుండి ఫిట్జ్‌పాట్రిక్, మాక్ గిల్లా వురా (మేరీమాత సేవకుని కుమారుడు) నుండి గిల్మోర్, మాక్ గిల్లా యాస్పిగ్ (బిషప్పు అనుచరుని కుమారుడు) నుండి గిలెస్పీ ఏర్పడినవి. ఆంజనేయదాసు, రామదాసు వంటి మన వ్యక్తినామాల వంటివే ఇవి. ఈ వరుసలో దైవసంబంధం లేని పేరు కావడం మాక్ గిల్లా ఈసఖ్తాకు గల విశేషం.

ఐరిష్ ఇంటిపేర్ల నేపథ్యం

ఐరోపాలో వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేర్లు చాలా ముందుగా స్థిరపడిన దేశాలలో ఐర్లండు ఒకటి. 916వ సంవత్సరంలో మరణించిన ఎయిద్నె ప్రభువు టీఅర్నఖ్ ఓ క్లేరీ పేరును దీనికి తొలి నిదర్శనాలలో ఒకటిగా చూపుతారు. పది, పదకొండు శతాబ్దాలలో ఈ పద్ధతి దేశమంతటా వ్యాపించింది. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించిన బ్రయన్ బొరూ మహారాజు సంతతివారు ఆయన పేరు మీద ఓ బ్రయన్ అన్న ఇంటిపేరు ధరించారు. "ఓ" అనగా మనుమడు, వంశీకుడు. "మాక్" కుమారుని సూచిస్తుంది. స్త్రీల విషయంలో రూపం మారుతుంది. లైసాట్ ఇంటి ఆడపడుచు ఐరిష్ భాషలో నిక్ గిల్లా ఈసఖ్తా కాగా, ఆ ఇంటికి వచ్చిన కోడలు విక్ గిల్లా ఈసఖ్తా అవుతుంది. ఒకే ఇంటిలో మూడు రూపాలు వినిపించుటచే ఇంగ్లీషు గుమాస్తాలు తికమకపడినారంటే ఆశ్చర్యం లేదు.

తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్ల పేర్ల నుండి పుట్టినవి పెక్కు. గేలిక్ ఐరిష్ పేర్లలో ఊరి పేరు బహు అరుదు. దాదాపు అన్నీ ఒక పూర్వీకుని పేరునో, అతని లక్షణాన్నో పట్టుకొని వచ్చినవే. ఇందుచేత ఐరిష్ ఇంటిపేరు చూసి దాని ఊరిని పోల్చుకొనుటకు వీలు లేదు. ఏ పేరు ఏ సీమలో గుమిగూడి ఉన్నదో పాత దస్తావేజులలో వెదకి, దానిని బట్టి మూలస్థానాన్ని నిర్ణయించవలసి ఉంటుంది. అరుదైన పేర్లకు ఈ పద్ధతి ఒక విధంగా అనుకూలం. మర్ఫీ వంటి పేర్లు వేరువేరు సీమలలో విడివిడిగా పుట్టాయి. లైసాట్ వంటిది ఒకే చోట పుట్టినది కనుక ఎక్కడ కనిపించినా వేళ్లు అక్కడికే పోతాయి.

మాక్ గిల్లా ఈసఖ్తా నుండి లైసాట్ వరకు

1465లో నాలుగవ ఎడ్వర్డు కాలంలో చేసిన ఒక శాసనం డబ్లిన్ పరిసరాలలో నివసించే ఐరిష్ వారంతా ఇంగ్లీషు ఇంటిపేర్లు ధరించాలని నిర్బంధించింది. ఊరి పేరు గాని, రంగు పేరు గాని, వృత్తి పేరు గాని ఎంచుకొనవలెనని అందులో ఉదాహరణలతో సహా చెప్పబడింది. ఆనాడు ఇంగ్లీషు అధికారం సాగిన ప్రాంతం స్వల్పం కనుక థోమండ్‌కు ఆ శాసనం తాకలేదు. పదహారు, పదిహేడు శతాబ్దాలలో ఇంగ్లీషు పాలన దేశమంతటా విస్తరించిన తరువాతనే గేలిక్ పేర్లు పెద్ద ఎత్తున రూపం మార్చుకొన్నవి. భూముల దస్తావేజులు, క్షమాపణ పత్రాలు, పన్ను జాబితాలు అన్నీ ఇంగ్లీషులో వ్రాయబడేవి. వ్రాసే గుమాస్తాకు ఐరిష్ రాదు. చెవికి వినిపించినట్లు వ్రాసుకొన్నాడు. ఈ విధంగా ఒకే మనిషి పేరు రెండు దస్తావేజులలో రెండు విధాలుగా ఉండుట సామాన్యం.

మాక్ గిల్లా ఈసఖ్తా విషయంలో జరిగిన మార్పు గమనింపదగినది. వేగంగా పలికినపుడు గిల్లా అన్న మాటలోని చివరి లకారం ఈసఖ్తాతో కలిసిపోయినది. తరువాత మాక్ జారిపోయినది, గిల్లాలోని మొదటి భాగమూ జారిపోయినది. మిగిలిన లకారం ఈసఖ్త్‌కు అతుక్కొని లైసాట్ అయినది. అనగా నేటి పేరులోని మొదటి అక్షరం "యువకుడు" అన్న మాట యొక్క తోక. తెలుగు వ్యాకరణంలో సంధి చెప్పుకొనే వారికి ఇది వింతగా తోచదు.

ఇంగ్లీషులో ఈ పేరును ఎల్, వై, ఎస్, ఎ, జి, హెచ్, టి అన్న ఏడు అక్షరాలతో వ్రాస్తారు. సాంప్రదాయిక ఐరిష్ వర్ణమాలలో వై అనే అక్షరమే లేదు. అది పూర్తిగా ఇంగ్లీషు గుమాస్తాల సృష్టి. చివరనున్న జి, హెచ్ అక్షరాలు ఐరిష్‌లోని ఖకారం వంటి కంఠ్యధ్వనిని సూచించడానికి వ్రాయబడినవి. కొనఖ్త్ అన్న రాష్ట్రనామం ఇంగ్లీషులో కొనాట్ అయినది కూడా ఇదే రీతిలోనే. కాలక్రమంలో ఆ ధ్వని నశించి అక్షరాలు మాత్రం మిగిలాయి. అందుచేత దీనిని చూచి లైసాగ్‌ట్ అని చదవరాదు. లైసట్ లేదా లైసాట్ అని పలకాలి.

పోలిక గల మరొక పేరుతో దీనిని కలుపరాదు. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో లైసెట్ అనే ఇంటిపేరు ఉన్నది. అది ఇంగ్లీషు మూలం గలది. విదేశాలకు వలసపోయిన వారి పత్రాలలో ఈ రెండూ కలగలసిపోవుట కద్దు. కుటుంబ చరిత్ర వెదకువారు ఉచ్చారణను నమ్మక, తొలి తరం ఏ కౌంటీ నుండి వచ్చినదో ముందుగా తేల్చుకొనుట మంచిది.

ఓ బ్రయన్ సంబంధం

లైసాట్‌లు థోమండ్ పాలకులైన ఓ బ్రయన్ వంశం యొక్క ఒక శాఖ అని సంప్రదాయం చెప్పుచున్నది. థోమండ్‌లో శతాబ్దాలపాటు ఓ బ్రయన్‌లే ప్రభువులు. 1543లో మురో ఓ బ్రయన్ తన రాజ్యాన్ని ఇంగ్లండు రాజైన ఎనిమిదవ హెన్రీకి సమర్పించి థోమండ్ ఎర్ల్ అన్న బిరుదు పొందాడు. అటువంటి ప్రబల వంశపు నీడలో జీవించిన చిన్న కుటుంబం తనను ఆ వంశపు శాఖగా చెప్పుకొనుట సహజం. అది నిజమై ఉండవచ్చును. కాని "పరాయి యువకుని కుమారుడు" అన్న పేరే ఈ సంప్రదాయానికి అడ్డు తగులుతున్నది. పాలకవంశపు బిడ్డను పరాయివాడనుట ఎట్లు? పెంపకానికి మరొక చోటికి వెళ్లి తిరిగివచ్చినవాడని సమాధానం చెప్పవచ్చును గాని అది సమాధానం కోసం కల్పించిన సమాధానం.

ఐరిష్ వంశావళుల విషయంలో జాగ్రత్త ఎంత అవసరమో ఒక ఉదాహరణ చాలును. పందొమ్మిదవ శతాబ్దంలో జాన్ ఓహార్ట్ ప్రచురించిన వంశావళుల గ్రంథం ఐరిష్ కుటుంబాలను తరం తరంగా ఆదాము వరకు తీసుకొనిపోయినది. మధ్యయుగపు సన్యాసులు తమ ప్రభువుల గౌరవార్థం కూర్చిన పట్టికలను యథాతథంగా స్వీకరించుటయే ఇందుకు కారణం. నేటి కాలంలో జన్యు పరీక్షలు కొంత సహాయం చేయుచున్నవి. ఓ బ్రయన్‌లు చెందిన డాల్ గాష్ తెగ పురుషులలో ఎల్-226 అను వై-క్రోమోజోమ్ గుర్తు విశేషంగా కనబడుతుందని గుర్తించారు. అయితే దత్తత, తల్లి ఇంటిపేరు స్వీకరించుట, ప్రభువు పేరును అనుచరులు పెట్టుకొనుట మొదలైన వాటి వలన ఇంటిపేరూ రక్తసంబంధమూ ఎల్లప్పుడూ ఒకటిగా ఉండవని గ్రహించాలి.

భూములు, కరువు, వలసలు

1650 దశకంలో క్రామ్‌వెల్ ప్రభుత్వం కాథలిక్ భూస్వాముల ఆస్తులను స్వాధీనం చేసుకొని వారిని షానన్ నదికి పశ్చిమాన ఉన్న కొనాట్, క్లేర్ ప్రాంతాలకు తరలించినది. క్లేర్ సీమలో ఉన్నవారి భూములు కూడా కొత్తగా వచ్చినవారికి పంచబడినవి. ఈ కల్లోలం తరువాత లైసాట్‌లు రెండు పాయలుగా కనబడతారు. ఒక పాయ క్లేర్, లిమరిక్‌లలో కౌలు రైతులుగా, చిన్న భూవసతి గలవారుగా మిగిలినది. రెండవది కార్క్ కౌంటీలో స్థిరపడి, ప్రొటెస్టెంట్ మతం అవలంబించిన పాలకవర్గంలో చేరినది. ఈ రెండవ పాయకు చెందిన జాన్ లైసాట్ (1702–1781) చార్ల్‌విల్ నియోజకవర్గం నుండి ఐరిష్ పార్లమెంటు సభ్యుడై, 1758లో మౌంట్‌నార్త్‌కు చెందిన లైల్ బారన్ అన్న ప్రభుపదవి పొందాడు.

ఒకే ఇంటిపేరు గలవారిలో కొందరు ప్రభువులు, మరికొందరు కౌలుదార్లు కావడం ఆనాటి ఐర్లండులో సాధారణమే. 1845 నుండి 1852 వరకు సాగిన బంగాళాదుంప కరువులో ఈ తేడా ప్రాణాంతకమైనది. దేశం మొత్తం మీద సుమారు పది లక్షల మంది మరణించగా అంతకంటే ఎక్కువమంది దేశం విడిచిపోయారు. 1841లో సుమారు 2,86,000 ఉన్న క్లేర్ జనాభా 1851 నాటికి సుమారు 2,12,000కు పడిపోయినది. అప్పు చెల్లించలేని కౌలుదార్ల ఇండ్లను కూల్చి వెళ్లగొట్టిన సంఘటనలు ఈ కౌంటీ నైరుతి భాగమైన కిల్‌రష్ ప్రాంతంలో మిక్కిలి తీవ్రంగా జరిగాయి. ఒకే సీమకు పరిమితమైన పేరు గలవారికి ఆ సీమలో వచ్చిన విపత్తు పేరంతటికీ విపత్తే. మర్ఫీలు క్లేర్‌లో తగ్గితే వెక్స్‌ఫర్డ్‌లో ఉంటారు. లైసాట్‌లకు అట్టి రెండవ స్థానం లేదు. ఈ పేరు నేడు ఇంత అరుదుగా ఉండుటకు గల కారణాలలో దీనిని ప్రధానమైనదిగా భావింపవచ్చును.

దస్తావేజులు

అరుదైన ఇంటిపేరు యొక్క వ్యాప్తిని తెలుసుకొనుటకు పరిశోధకులు ఆశ్రయించే ఆధారాలు ఇవి: 1659 నాటి జనాభా జాబితా (ఇందులో ప్రతి పరగణాలోను ముఖ్యమైన ఐరిష్ పేర్లు లెక్కతో సహా ఇవ్వబడినవి), 1823–1837 మధ్య తయారైన దశమభాగపు పన్ను పుస్తకాలు, 1847–1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ జరిపిన భూమి మదింపు, రిజిస్ట్రార్ జనరల్ రాబర్ట్ మాథెసన్ 1894లో ప్రకటించిన ఇంటిపేర్ల నివేదిక.

మాథెసన్ నివేదిక 1890 సంవత్సరంలో నమోదైన జననాలపై ఆధారపడినది. ఆ ఒక్క ఏడాదిలో అయిదు గాని అంతకంటే ఎక్కువ గాని జననాలు గల పేర్లను మాత్రమే అందులో పట్టిక వేశారు. పెద్ద పేర్లకు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. చిన్న పేర్ల విషయంలో ఒక సంవత్సరంలో ఇద్దరు పిల్లలు ఎక్కువ పుట్టినా, తక్కువ పుట్టినా లెక్క తారుమారు అవుతుంది.

అసలు నష్టం ఇంకొకటి ఉన్నది. 1922 జూన్ 30న అంతర్యుద్ధం ఆరంభంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవన సముదాయంలో జరిగిన పేలుడు, అగ్నిప్రమాదంలో ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయం దగ్ధమైనది. 1821 నుండి 1851 వరకు జరిగిన నాలుగు జనగణనల పత్రాలు, వీలునామాలు, చర్చి రిజిస్టర్లు అధికభాగం బూడిద అయినవి. 1861 నుండి 1891 వరకు గల జనగణన పత్రాలను అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేసినది. అందువలన 1922కు పూర్వం జరిగిన జనగణనలలో దేశమంతటికీ పూర్తిగా నిలిచినవి 1901, 1911 సంవత్సరాలవి మాత్రమే. ఇతర గ్రంథాలయాలలో మిగిలిన నకళ్లను సేకరించి కోల్పోయిన భాండాగారాన్ని అంతర్జాలంలో తిరిగి నిర్మించే ప్రయత్నం 2022లో ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. లైసాట్ వంటి పేర్ల చరిత్రలో ఉన్న ఖాళీలు కొన్నయినా దీని వలన పూడవచ్చును.

ఎడ్వర్డ్ మెక్‌లైసాట్

ఈ ఇంటిపేరు చరిత్రను, నిజానికి ఐరిష్ ఇంటిపేర్లన్నింటి చరిత్రనూ, విశ్వసనీయంగా వ్రాసినవాడు ఎడ్వర్డ్ మెక్‌లైసాట్ (1887–1986). ఆయన పుట్టినది ఐర్లండులో కాదు. ఇంగ్లండులోని సోమర్‌సెట్ కౌంటీలో, బ్రిస్టల్ నగరానికి సమీపాన ఉన్న ఫ్లాక్స్ బోర్టన్ గ్రామం. తండ్రి సిడ్నీ రాయ్స్ లైసాట్ (1856–1941) నవలా రచయిత, కవి, కుటుంబపు ఇనుప వ్యాపారంలో భాగస్వామి. ఎడ్వర్డ్ రగ్బీ పాఠశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో చేరి కొద్దికాలానికే విడిచిపెట్టాడు. 1909లో తండ్రి క్లేర్ కౌంటీలోని టూమ్‌గ్రేనీ సమీపాన రహీన్ అను ఎస్టేటు కొనగా, అక్కడ వ్యవసాయం చేస్తూ ఐరిష్ భాష నేర్చుకొన్నాడు. పూర్వీకుల సీమకు కుటుంబం తిరిగివచ్చినది ఈ విధంగా.

1917–18లో ఐర్లండు రాజ్యాంగ సమస్యపై జరిగిన మహాసభలో ఆయన సభ్యుడు. 1920లో, స్వాతంత్ర్య పోరాటం జరుగుతున్న రోజులలో, లైసాట్ అన్న తన ఇంటిపేరుకు శతాబ్దాల క్రితం పోయిన "మాక్"ను తిరిగి చేర్చుకొని మెక్‌లైసాట్ అయ్యాడు. 1893లో గేలిక్ లీగ్ స్థాపన జరిగినప్పటి నుండి ఓ, మాక్ అన్న ఉపసర్గలను తిరిగి ధరించే ఉద్యమం సాగుచున్నది. భాషాశాస్త్రరీత్యా చూచిన మెక్‌లైసాట్ అన్న రూపం కూడా సంకరమే. అందులో గిల్లా తోక అలాగే ఉన్నది. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఐరిష్‌లో సంతకం చేయునపుడు పూర్తిరూపమే వాడేవాడు. తండ్రి మాత్రం కడవరకు లైసాట్‌గానే ఉన్నాడు.

1922 నుండి 1925 వరకు ఐరిష్ ఫ్రీ స్టేట్ సెనేట్ సభ్యునిగా పనిచేసి, తరువాత చరిత్ర పరిశోధన వైపు మళ్లాడు. పదిహేడవ శతాబ్దపు ఐరిష్ సామాజిక జీవితంపై 1939లో వెలువరించిన గ్రంథం ఆయనకు పేరు తెచ్చినది. 1552 నుండి డబ్లిన్ కోటలో బ్రిటిష్ రాజు తరఫున కులచిహ్నాలు, వంశావళులు చూచుచుండిన అల్‌స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ కార్యాలయం 1943లో ఐరిష్ ప్రభుత్వానికి బదిలీ అయినది. దానికి జీనియలాజికల్ ఆఫీసు అని పేరు మార్చి మెక్‌లైసాట్‌ను అధిపతిగా నియమించారు. ఆయన ఐర్లండు యొక్క మొదటి చీఫ్ హెరాల్డ్. 1954 వరకు ఈ పదవిలో ఉన్నాడు. 1956 నుండి 1973 వరకు ఐరిష్ మాన్యుస్క్రిప్ట్స్ కమిషన్ అధ్యక్షుడు.

1957లో "ఐరిష్ ఫ్యామిలీస్", 1960లో "మోర్ ఐరిష్ ఫ్యామిలీస్", 1964లో దానికి అనుబంధం, 1969లో "ది సర్‌నేమ్స్ ఆఫ్ ఐర్లండ్" వెలువడినవి. అంతకుముందు 1923లో పాట్రిక్ వుల్ఫ్ అను మతాచార్యుడు ఐరిష్ ఇంటిపేర్ల నిఘంటువు రచించి యున్నాడు. వుల్ఫ్ ప్రధానంగా భాషను, శబ్దవ్యుత్పత్తిని చూశాడు. మెక్‌లైసాట్ దానికి తోడు భూమిని చూశాడు. ఒక పేరు ఏ శతాబ్దంలో ఏ పరగణాలో ఉన్నది, నేడు ఎక్కడ ఉన్నది, ఈ రెండూ ఏకీభవిస్తున్నవా అన్నది ఆయన వేసే ప్రశ్న. ఈ ప్రశ్న వలన ఎన్నో ఇంగ్లీషు పేర్లుగా కనిపించేవి గేలిక్ పేర్లని, గేలిక్ అనుకొన్నవి కొన్ని కావని తేలినది.

ఆయన కాలపు నిర్ణయాలలో ఒకటి మాత్రం తరువాత వివాదాస్పదమైనది. 1944 నుండి ప్రాచీన గేలిక్ వంశాల పెద్దలను "చీఫ్ ఆఫ్ ది నేమ్" అను హోదాతో ప్రభుత్వం మర్యాదపూర్వకంగా గుర్తించసాగినది. 1992లో గుర్తింపు పొందిన ఒకరి వంశావళి కల్పితమని 1999లో బయటపడి పెద్ద అప్రతిష్ఠ కలిగినది. 2003లో ప్రభుత్వం ఈ గుర్తింపు పద్ధతినే మానివేసినది.

ఇనుప రేకులు

కార్క్ కౌంటీలోని మాలో ప్రాంతం నుండి బ్రిస్టల్ వచ్చిన జాన్ లైసాట్ (1832–1895) 1857లో ఒక చిన్న జింకుపూత కర్మాగారాన్ని చేపట్టాడు. ఆరుగురు పనివారు, ఒక కుర్రవాడు ఉన్న ఆ దుకాణంలో మొదట బకెట్లు చేసేవారు. ముడతలు పెట్టి జింకుపూత పూసిన ఇనుప రేకులకు ఆస్ట్రేలియాలో విపరీతమైన గిరాకీ ఏర్పడుటచే వ్యాపారం పెరిగినది. 1890 దశకం చివర వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఆర్బ్ కర్మాగారం వెలసినది. 1920లో కంపెనీ గెస్ట్, కీన్ అండ్ నెటిల్‌ఫోల్డ్స్ సంస్థలో భాగమైనది. 1921లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో రేకుల తయారీ ఆరంభమైనది. అక్కడ పని నేర్పుటకు న్యూపోర్ట్ నుండి కార్మికులు కుటుంబాలతో సహా తరలివెళ్లారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆస్ట్రేలియా సైన్యం వాడిన ఓవెన్ తుపాకులను తయారుచేసినది ఈ ఆస్ట్రేలియా సంస్థయే.

1979లో ఆస్ట్రేలియా శాఖ బి.హెచ్.పి. అధీనంలోకి వచ్చినది. 2002లో ఉక్కు విభాగం విడిపోయి, 2003 నుండి బ్లూస్కోప్ అన్న పేరుతో సాగుచున్నది. 2005లో టాటా స్టీల్, బ్లూస్కోప్ కలిసి భారతదేశంలో ఒక ఉమ్మడి సంస్థను నెలకొల్పాయి. గోదాములకు, ఫ్యాక్టరీ షెడ్లకు వేసే రంగు రేకులను ఆ సంస్థ లైసాట్ అన్న పేరుతో ఇక్కడ విక్రయించినది. క్లేర్ కౌంటీ అన్న మాట వినని వారికి కూడా రేకుల మీద ముద్రించిన ఆ ఏడు అక్షరాలు పరిచయమైనది ఈ దారిలోనే. న్యూపోర్ట్‌లోని ఆర్బ్ కర్మాగారం మాత్రం చేతులు మారి మారి, 2007లో కోరస్ కొనుగోలుతో టాటా స్టీల్‌కే చేరి, 2019 డిసెంబరులో మూతపడినది.

నేటి వ్యాప్తి

ఐర్లండులో ఈ పేరు గలవారు నేటికీ ప్రధానంగా క్లేర్, లిమరిక్, కార్క్ కౌంటీలలోనే ఉన్నారు. ఉద్యోగాల నిమిత్తం డబ్లిన్ చేరినవారు కొందరు. బ్రిటన్‌లో బ్రిస్టల్, దక్షిణ వేల్స్ ప్రాంతాలలో ఉన్నవారు కొంతవరకు పై వ్యాపార కుటుంబానికి సంబంధించినవారు. కరువు కాలంలోను, ఆ తరువాతను వెళ్లినవారి సంతతి అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉన్నది. మాక్ చేర్చిన మెక్‌లైసాట్ రూపం మరింత అరుదు. అది చాలవరకు ఎడ్వర్డ్ కుటుంబానికే పరిమితం.

ఒక హెచ్చరిక. ఇంటిపేర్ల పేరిట కులచిహ్నాలు ముద్రించి అమ్మే దుకాణాలు ఐర్లండులో అనేకం ఉన్నవి. చట్టరీత్యా చిహ్నం ఒక వ్యక్తికి, అతని సంతతికి ఇవ్వబడేది. ఆ ఇంటిపేరు గలవారందరి సొత్తు కాదు. ఒక తెగకు చెందినవాడని నిర్ధారణ అయినచో ఆ తెగ చిహ్నాన్ని ఇంటిలో అలంకారంగా ఉంచుకొనుట తప్పు కాదని మెక్‌లైసాట్ అభిప్రాయపడ్డాడు. లైల్ బారన్‌ల చిహ్నాన్ని క్లేర్ రైతు మనుమడు తనదనుకొనుటకు మాత్రం ఆధారం లేదు.

ఈ ఇంటిపేరు గల ప్రముఖులు

పై పేర్కొన్న వారు గాక మరికొందరు కలరు. క్లేర్ కౌంటీలో 1763లో జన్మించిన ఎడ్వర్డ్ లైసాట్ న్యాయవాది, హాస్యప్రియుడు, పాటల రచయిత. స్నేహితులు ఆయనను ప్లెజెంట్ నెడ్ అని పిలిచేవారు. మరణానంతరం 1811లో ఆయన పద్యాలు పుస్తకరూపంలో వెలువడినవి. "కిట్టీ ఆఫ్ కోల్‌రేన్" మొదలగు ప్రసిద్ధ గీతాలు ఆయనవే అన్నారు గాని, ఆ కాలంలో ప్రజాదరణ పొందిన ప్రతి పాటనూ ఎవరో ఒక ప్రసిద్ధునికి అంటగట్టుట అలవాటు కనుక ఈ కర్తృత్వాన్ని సందేహంతోనే చూడవలెను.

ఆవెరిల్ లైసాట్ (1905–1981) న్యూజిలాండ్‌లో జన్మించిన జీవశాస్త్రవేత్త, విజ్ఞానశాస్త్ర చరిత్రకారిణి. 1766లో జోసెఫ్ బ్యాంక్స్ న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్‌లలో జరిపిన యాత్రపై ఆమె 1971లో ప్రచురించిన గ్రంథం ప్రామాణికమైనది. షాన్ లైసాట్ 1957లో లిమరిక్‌లో జన్మించిన కవి. పక్షులు, ప్రకృతి ఆయన కవితావస్తువులు. ఐరిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ లాయిడ్ ప్రేగర్ జీవితచరిత్రను 1998లో రచించాడు. కార్నీలియస్ లైసాట్ గుర్రపు పందేల వార్తల వ్యాఖ్యాతగా బి.బి.సి. రేడియోలో 2020 వరకు పనిచేశాడు.